మడ అడవి నల్ల బురద – ఆటుపోట్లు, రుతువులు
(సైన్సు వ్యాసం)

మనం కొండల మీద అడవుల్లో పుట్టిన వాళ్ళం. మన అడవిలో వెదురు, తునికి, మద్ది, ఇప్ప, చింత ఉంటాయి. ఇవన్నీ మంచి నీటితో, గట్టి నేల మీద పెరుగుతాయి. కానీ ఉప్పు నీళ్ళలో, మోకాలి లోతు బురదలో నిలబడి పెరిగే అడవి కూడా ఒకటుంది. దాన్ని మడ అడవి అంటారు. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ దగ్గర కోరింగలో ఈ అడవి ఉంది. 1978లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అక్కడ తెల్లమడ, నల్లమడ, పొన్న, తిల్ల మొదలైన చెట్లు పెరుగుతాయి.

ఆ చెట్ల కింద బురద నల్లగా ఉంటుంది. తవ్వితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. చూసిన వాళ్ళు ఛీ, మురికి అంటారు. నేను ఈ వ్యాసంలో చెప్పబోయేది ఏంటంటే, అది మురికి కాదు. ఆ నలుపులో మన కొండల ఎర్రమట్టి ఉంది. ఆ మట్టీ, సముద్రపు పోటూ కలిసి అక్కడ ఒక పని చేస్తున్నాయి. ఆ పని ఆగిపోతేనే నష్టం. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. మన మట్టి అక్కడికి ఎలా వెళ్తుంది?

వానాకాలంలో మన వాగులు ఎర్రగా పారతాయి కదా. ఆ ఎరుపు ఇనుము వల్ల వస్తుంది. రాయి అరిగి మట్టి అయినప్పుడు అందులోని ఇనుము గాలితో కలిసి తుప్పు పడుతుంది. మన ఇంట్లో పాత గొడ్డలికి పట్టే తుప్పూ, కొండ మట్టి ఎరుపూ ఒకే జాతివి.

మన వాగులు సీలేరులో, శబరిలో కలుస్తాయి. సీలేరు శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి పాపికొండల మధ్యగా వెళ్ళి రాజమండ్రి దాటి ధవళేశ్వరం చేరుతుంది. ధవళేశ్వరం తర్వాత నది గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. గౌతమి నుంచి కోరింగ, గాడేరు అనే చిన్న పాయలు మడ అడవి లోపలికి పోయి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. అక్కడ నీటి వేగం తగ్గుతుంది. చెట్ల వేర్లు అడ్డం పడతాయి. అప్పుడు నీళ్ళలోని సన్న మట్టి కిందకి దిగుతుంది. దాన్నే ఒండ్రు అంటాం. గోదావరి ఇంకా ఎన్నో చోట్ల నుంచి మట్టి తెస్తుంది గానీ, అందులో మన వాటా కూడా ఉందన్నమాట.

2. ఎర్రమట్టి నల్లగా ఎందుకు మారింది?

ఇది అర్థం కావాలంటే ముందు మన వరి మడిని గుర్తు చేసుకోవాలి. కలుపు తీసేటప్పుడు కాలు దిగబడితే కింద నుంచి బుడగలు వస్తాయి. పైన మట్టి గోధుమ రంగులో ఉంటుంది, కింద బూడిద రంగులో ఉంటుంది. ఎందుకంటే కింద ఆక్సిజన్ లేదు. గాలిలో కంటే నీళ్ళలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. నీరు నిండిన బురదలో పైన కొద్ది మిల్లీమీటర్ల వరకే అది చేరుతుంది. అంతలోనే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని వాడేసుకుంటాయి.

రాలిన ఆకులు, చచ్చిన వేర్లు తినడానికి ఈ సూక్ష్మజీవులకి ఆక్సిజన్ కావాలి. అది అయిపోతే ఏం చేస్తాయి? మన హాస్టల్ భోజనంలాగే అనుకోండి. కూర ఉన్నంతసేపు కూరతో తింటాం. కూర అయిపోతే సాంబారు. సాంబారు అయిపోతే పచ్చడి. అదీ లేకపోతే ఉప్పూ కారం. సూక్ష్మజీవులు కూడా ముందు ఆక్సిజన్ వాడతాయి. అది అయిపోయాక నైట్రేటు. తర్వాత మట్టిలో ఉన్న తుప్పు. తుప్పు తర్వాత సల్ఫేటు. ఏదీ లేని చోట మరో రకం సూక్ష్మజీవులు మీథేన్ వాయువు తయారు చేస్తాయి. వరి మడిలో బుడగలు ఎక్కువగా అవే.

తుప్పుని వాడుకున్నప్పుడు ఎర్రటి ఇనుము రంగు పోయి నీళ్ళలో కరుగుతుంది. మా ఊరి ఊట దగ్గర రాళ్ళ కింద నుంచి నీరు తేటగా వస్తుంది. గాలి తగిలిన చోట మాత్రం ఎర్రటి జిగురు తేలుతుంది. మా అమ్మ దాన్ని చేత్తో పక్కకి తోసి కుండ ముంచుతుంది. కరిగిన ఇనుము గాలి తగిలి మళ్ళీ తుప్పుగా మారడమే అది. పైన ఎరుపు, కింద రంగు లేని కరిగిన ఇనుము. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు మడ అడవికి వద్దాం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. అందులో సల్ఫేటు సుమారు 2.7 గ్రాములు. నదీ జలంలో సల్ఫేటు చాలా కొంచెం. అందుకని వరి మడిలో జరగనంతగా మడ బురదలో సల్ఫేటు వంతు వస్తుంది. సూక్ష్మజీవులు సల్ఫేటుని వాడుకుంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. అది విషం. మొక్కల వేర్లకీ, చిన్న జీవాలకీ హాని చేస్తుంది.

మరి మడ చెట్లు ఎలా బతుకుతున్నాయి? కరిగిన ఇనుము ఈ విషాన్ని పట్టుకుంటుంది. రెండూ కలిసి ఐరన్ సల్ఫైడ్ అనే నల్లటి పదార్థం అవుతాయి. తర్వాత మెల్లగా పైరైట్ అనే గట్టి ఖనిజంగా మారుతుంది. విషం నీళ్ళలో తిరగకుండా మట్టిలో కట్టుబడిపోతుంది. అంటే ఆ నలుపు మురికి కాదు, కట్టేసిన విషం. కట్టిన తాడు కొండల నుంచి వచ్చిన ఇనుము.

3. మేం చేసి చూసిన ప్రయోగం

ఇది పుస్తకంలో చదివి వదిలేయకుండా మేం ముగ్గురం చేసి చూశాం. రెండు గాజు సీసాలు తీసుకున్నాం. రెండింటిలో చెరువు బురద, నలిపిన ఎండుటాకులు, నీళ్ళు వేశాం. రెండో సీసాలో మాత్రం నల్లబల్ల మీద రాసే సుద్దముక్కల పొడి కలిపాం. సుద్దముక్క చాలా వరకు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు. అది సముద్రం ఇచ్చే సల్ఫేటుకి బదులు. మూతలు గట్టిగా బిగించలేదు, లోపల వాయువు పుడితే సీసా పగలవచ్చు. సైన్సు గది కిటికీలో పెట్టాం.

మూడు వారాలకి మొదటి సీసా బూడిద రంగులో ఉంది. రెండో దానిలో నల్లటి మచ్చలు పెరిగి, అవి కలిసిపోయి ఒక పట్టీలా అయ్యాయి. ఆ నల్ల బురద చెంచాడు తీసి కాగితం మీద పరిచాం. మర్నాటికి పైన నలుపు పోయి గోధుమ రంగు వచ్చింది. గాలి తగిలేసరికి కట్టు విడిపోయింది. మీరు చేస్తే సీసా దగ్గర ముక్కు పెట్టి వాసన చూడకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

4. ఆటుపోట్లు ఏం చేస్తాయి?

చంద్రుడు, సూర్యుడు లాగడం వల్ల సముద్రం పొంగుతుంది, తగ్గుతుంది. పొంగడాన్ని పోటు అంటారు, తగ్గడాన్ని పాటు అంటారు. కాకినాడ తీరంలో దాదాపు రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. సరిగ్గా చెప్పాలంటే 24 గంటల 50 నిమిషాలకి రెండుసార్లు. అందుకే ఈ రోజు పోటు వచ్చిన వేళకి రేపు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమికి, అమావాస్యకి పోటు పెద్దది. అష్టమి రోజుల్లో చిన్నది.

పోటు వచ్చినప్పుడు ఉప్పు నీరు అడవి లోపలికి వస్తుంది. కొత్త సల్ఫేటు తెస్తుంది. బురద మూసుకుపోతుంది. పాటు వచ్చినప్పుడు బురదలోని నీరు ఊటలా కాలువల్లోకి దిగిపోతుంది. పోతూ పోతూ లోపల పోగైన పదార్థాలు కొన్ని తీసుకుపోతుంది. అందులో మొక్కలకి కావలసిన పోషకాలు కూడా ఉంటాయి. కాలువల్లోని చిన్న నాచుకి, దాన్ని తినే జీవులకి అవి అందుతాయి. మన సంతకి వచ్చే ఎండు రొయ్యలున్నాయి కదా, చాలా జాతుల రొయ్యలు పిల్లలుగా ఉన్నప్పుడు ఇటువంటి మడ కాలువల్లోనే పెరుగుతాయి.

నీరు దిగిన చోట గాలి చేరుతుంది. పీతలు తవ్విన బొరియల గుండా ఇంకా లోపలికి పోతుంది. మడ చెట్లకి నేల మీదకి పొడుచుకొచ్చిన శ్వాస వేర్లు ఉంటాయి. అవి గాలి పీల్చి బురదలోని వేర్లకి పంపుతాయి. అందుకని బొరియల చుట్టూ, వేర్ల చుట్టూ నల్ల బురదలో గోధుమ రంగు తుప్పు పొర ఉంటుంది. మా ఊరి ఊట దగ్గర జరిగేదే ఇక్కడ వేరు చుట్టూ జరుగుతోంది. ఆ తుప్పు పొర వేరుకి గొడుగు లాంటిది. విషం వేరుని తాకేముందే ఇనుము పట్టుకుంటుంది.

వరి మడిలో అప్పుడప్పుడు నీళ్ళు తీసి ఆరగడితే వేరుకి బలం అని మా నాయన అంటాడు. నాయన బడికి పోలేదు గానీ ఈ మాట సైన్సుకి సరిపోయింది. మడ అడవిని సముద్రమే రోజుకి రెండుసార్లు కాస్త ఆరగడుతుంది, మళ్ళీ తడుపుతుంది. పూర్తిగా ఎండనివ్వదు. పూర్తిగా కుళ్ళనివ్వదు.

అయితే అడవి అంతా ఒకేలా ఉండదు. కాలువ గట్టు పక్కన ప్రతి పోటూ తగులుతుంది. లోపల మెరక నేలకి పున్నమి, అమావాస్య పోట్లే అందుతాయి. మధ్య రోజుల్లో అక్కడ నేల ఆరుతుంది, ఉప్పు మిగులుతుంది. కొద్ది అడుగుల ఎత్తు తేడాకే మట్టి రసాయనం మారిపోతుంది. అందుకే ఒక్కో చోట ఒక్కో రకం చెట్టు నిలుస్తుంది.

5. రుతువులు ఏం చేస్తాయి?

వానాకాలం: జులై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి వరదలు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. కూనవరం, చింతూరు వైపు ఊళ్ళు మునిగాయి. అంతటి వరద చివరికి వెళ్ళేది సముద్రానికే. వరదప్పుడు మడ కాలువల్లో ఉప్పదనం బాగా పడిపోతుంది, కొన్ని చోట్ల నీరు దాదాపు తియ్యనవుతుంది. పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. కొత్త ఒండ్రు, దానితో కొత్త తుప్పు వచ్చి పరుచుకుంటుంది. సల్ఫేటు పలచబడుతుంది కనుక మీథేన్ తయారయ్యే వీలు పెరుగుతుంది.

చలికాలం: వరద తగ్గుతుంది. ఉప్పదనం మెల్లగా పెరుగుతుంది. చలికి సూక్ష్మజీవుల పని కొంచెం నెమ్మదిస్తుంది.

ఎండాకాలం: ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశారు. ఇప్పుడు ఆ చోట కొత్త బ్యారేజీ ఉంది. ఎండాకాలంలో నీరు పంట కాలువలకే సరిపోతుంది, కిందకి వెళ్ళేది చాలా తక్కువ. అప్పుడు సముద్రపు నీరు పైకి ఎక్కుతుంది. మడ కాలువల్లో నీరు దాదాపు సముద్రమంత ఉప్పగా మారుతుంది. వేడికి సూక్ష్మజీవులు జోరుగా పనిచేస్తాయి, సల్ఫేటు కూడా నిండుగా ఉంది. కాబట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ పుడుతుంది. వానాకాలంలో వచ్చి చేరిన ఇనుము అప్పుడే అక్కరకొస్తుంది. వానలప్పుడు గాదెలో గింజలు దాచుకుని ఎండల్లో తిన్నట్టు.

అంటే రోజు లెక్క సముద్రం చూస్తుంది, ఏడాది లెక్క నది చూస్తుంది. ఇద్దరూ వంతులు వేసుకుని పనిచేస్తేనే బురద బాగుంటుంది.

6. ఈ పని ఆగితే ఏమవుతుంది?

(అ) పోటు రాకపోతే: కోరింగ ప్రాంతంలో కొన్ని చోట్ల మడ చెట్లు పోయి నేల పల్లమైంది. పోటు నీరు వచ్చి నిలిచిపోయి, ఎండకి ఆవిరై, ఉప్పు మిగిలింది. అంత ఉప్పులో విత్తనం కూడా మొలవదు. 1990ల చివరలో ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు, అటవీ శాఖ, చుట్టుపక్కల గ్రామాల వాళ్ళు కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలువ, రెండు పక్కలా చిన్న కాలువలు. పోటు నీరు లోపలికి వచ్చి, పాటుకి బయటికి పోయింది. ఉప్పు తగ్గింది. మొక్కలు నాటితే బతికాయి. మందు ఏమీ వెయ్యలేదు, నీటికి దారి ఇచ్చారు అంతే.

(ఆ) బురదని తవ్వి ఎండబెడితే: రొయ్యల చెరువుల కోసం మడ నేలని తవ్వి గట్లు వేస్తే లోపలి పైరైట్ గాలికి వస్తుంది. మా కాగితం మీద జరిగినట్టే కట్టు విడిపోతుంది. పైరైట్ గాలి, నీరు తగిలి గంధకామ్లం, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. అటువంటి నేల పి.హెచ్. 4 కన్నా కిందకి పోగలదు. వాన పడితే ఆమ్లం చెరువులోకి దిగుతుంది. దానితో మట్టిలోని అల్యూమినియం కూడా కరిగి చేపల మొప్పల్ని పాడు చేస్తుంది. అందుకే అటువంటి చెరువుల్లో సున్నం వేస్తూనే ఉండాలి. కేరళలో కుట్టనాడులో కరి నేలలు అని ఇలాంటి నల్ల ఆమ్ల నేలలు ఉన్నాయి. అక్కడ రైతులు వరికి సున్నం వేసి, నీళ్ళు పెట్టి ఆమ్లం కడుగుతారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల చెరువుల మీద ఆంక్షలు పెడుతూ తీర్పు ఇచ్చింది. 2005లో ఈ సాగుకి వేరే చట్టం వచ్చింది. చట్టం ఏదైనా బురద గుణం మాత్రం మారదు.

ఇంకొక నష్టం కూడా ఉంది. ఆక్సిజన్ లేదు కాబట్టి బురదలో ఆకులు, వేర్లు త్వరగా కుళ్ళవు. వాటిలోని కార్బన్ అక్కడే నిలవ ఉంటుంది. హిందూ మహాసముద్రం, పసిఫిక్ మహాసముద్రాల తీరాల్లోని మడ అడవులని కొలిచి 2011లో శాస్త్రవేత్తలు చెప్పిన లెక్క ప్రకారం హెక్టారుకి సగటున సుమారు 1,000 టన్నుల కార్బన్ ఉంది. అందులో ఎక్కువ భాగం చెట్టులో కాదు, మట్టిలోనే. తవ్వి ఎండబెడితే అది కార్బన్ డయాక్సైడుగా గాలిలోకి పోతుంది.

(ఇ) మట్టి రాకపోతే: 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990లలో అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. నది మీద, ఉపనదుల మీద కట్టిన ఆనకట్టల వెనక నీరు నిలిచి, మట్టి అక్కడే అడుగుకి దిగిపోవడం దీనికి పెద్ద కారణం. ఇప్పుడు పోలవరం దగ్గర పెద్ద ప్రాజెక్టు కడుతున్నారు. దాని కింద మునిగే ఊళ్ళ గురించి మనకి వేరే చెప్పక్కర్లేదు, మనలో చాలామంది చుట్టాలు ఆ ఊళ్ళ వాళ్ళే. కానీ ఆ జలాశయంలో ఆగే మట్టి గురించి కూడా ఆలోచించాలి. సముద్రం పోటు ఆపదు, సల్ఫేటు తెస్తూనే ఉంటుంది. కొండ మట్టి తగ్గితే విషాన్ని కట్టే తాడు తగ్గుతుంది. నేల ఎత్తు పెరగదు. పెరుగుతున్న సముద్రానికి మడ అడవి అందకుండా ఉండాలంటే నేల కూడా పెరగాలి కదా.

అలాగని కొండ మట్టి అంతా కొట్టుకుపోవాలని కాదు. కొండ బోడి చేస్తే మన పొలం పోతుంది. అడవి ఉన్న కొండ నుంచి మట్టి ఏటా కొంచెం కొంచెం దిగుతుంది. నదికి అదే అలవాటు. మడ అడవికి అదే సరిపోతుంది.

7. మనకెందుకు?

సైన్సు పుస్తకంలో మడ అడవుల గురించి రెండు మూడు వాక్యాలే ఉన్నాయి. అవి తుఫానుల నుంచి తీరాన్ని కాపాడతాయని రాశారు. అది నిజమే. కానీ ఆ అడవిని ఏది కాపాడుతుందో కూడా మనం తెలుసుకోవాలి. పైన మన కొండా, కింద సముద్రమూ కాపాడుతున్నాయి. మైదానం వాళ్ళు మనల్ని అడిగితే, మీ తీరం బురదలో మా మట్టి ఉంది అని మనం ధైర్యంగా చెప్పవచ్చు. అది గొప్పకి చెప్పే మాట కాదు, రసాయన శాస్త్రం.

ప్రశ్నలు

1. మడ బురద నల్లగా ఉండటానికి కారణమైన రెండు మూలకాలు ఏవి?
2. వరి మడిలో కంటే మడ బురదలో కుళ్ళిన గుడ్డు వాసన ఎక్కువ. ఎందుకు?
3. శ్వాస వేరు చుట్టూ గోధుమ రంగు పొర ఎలా వస్తుంది?
4. పున్నమి పోటుకి మాత్రమే నీరందే మెరక నేలలో ఎండాకాలం ఏం జరుగుతుంది?
5. నల్ల బురద ఎండితే లిట్మస్ కాగితం ఏ రంగుకి మారవచ్చు? కారణం రాయండి.

జవాబులు కాగితం మీద రాసి శనివారం లోపు సైన్సు గది కిటికీలో పెట్టండి. సీసాలు కూడా అక్కడే ఉన్నాయి, చూడొచ్చు. కదపకండి.

– 9వ తరగతి విద్యార్థిని, బాలికల హాస్టల్